సమాధానం: దేవునికి అప్పగించినా దిగులు ఎందుకు తిరిగి వస్తోంది?

మీకు కావలసింది దేవుణ్ణి అడగకుండానే మీరు అప్పగించేస్తున్నారు. నాన్నగారి జబ్బును ప్రతి రాత్రీ దేవుని చేతుల్లో పెడుతున్నా తెల్లవారేసరికి దిగులు మళ్లీ పట్టుకుంటోందని, విశ్వాసం చాలదేమోనని రాశారు. లోపం విశ్వాసంలో లేదు, తొందరలో ఉంది.

1. మత్తయి సువార్త 26వ అధ్యాయం, 36 నుంచి 46 వరకు నెమ్మదిగా చదవండి.

2. చాలామంది దాటేసే మెట్టు ఇదే. గెత్సేమనే తోటలో యేసు ముందుగా ఆ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలని అడిగాడు, ఆ తరువాతే తండ్రి చిత్తానికి లోబడ్డాడు. అదీ ఒక్కసారి కాదు, మూడుసార్లు ప్రార్థించాడు. సిలువకు దారి ఆ తోటలోంచే వెళ్లింది. కాబట్టి నాన్న బతకాలని నోరు తెరిచి అడగండి. ఏడుపొస్తే ఏడవండి.

అమ్మ ఆపరేషన్ ముందురోజు నేను విజయవాడలో క్యాథలిక్కుల యాత్రాస్థలమైన గుణదల కొండెక్కి సిలువ దగ్గర నిలబడ్డాను. గుప్పిట్లో ఆస్పత్రి చీటీ చెమటకు నానిపోయింది. నోరారా అడిగేదాకా ఆ గుప్పిట విడలేదు. మీది గుంటూరు లూథరన్ సంఘమన్నారు; కొండ ఎక్కనక్కరలేదు, నాన్నగారి మంచం పక్కన మోకరిస్తే చాలు.

3. ఉదయం దిగులు వస్తే మళ్లీ అడగండి, మళ్లీ అప్పగించండి. అది ఓటమి కాదు.

4. మందులు మాత్రం ఒక్క పూట కూడా ఆపవద్దు.