మెడ మీద నలుపు మురికి కాదు

ప్రశ్న: మా పెద్దబాబుకు ఏడేళ్లు. నెలలు నిండాకే పుట్టినా 2.1 కిలోలే ఉన్నాడు. బక్కగా ఉన్నాడని ఏడాదిన్నరగా ఆకలి సిరప్ పట్టిస్తున్నాం, రెండు పూటలా పాలలో పౌడర్ కలిపి ఇస్తున్నాం. ఇప్పుడు 36 కిలోలు, 122 సెంటీమీటర్లు. ఎంత రుద్దినా మెడ మీద నలుపు పోవట్లేదు. థైరాయిడా? బరువు తగ్గే పౌడర్ వాడొచ్చా? చిన్నవాడికి ఎనిమిదో నెల, వాడూ బక్కగానే ఉన్నాడు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: థైరాయిడ్ అయ్యే అవకాశం తక్కువమ్మా. ఆ లోపం ఉన్న పిల్లల్లో ఎత్తు పెరగడం మందగిస్తుంది. మీవాడు వయసుకు తగ్గ ఎత్తే ఉన్నాడు. నాకు అనుమానం మెడ దగ్గరే. రుద్దడం ఆపండి. ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లో ఎక్కువగా ఊరుతుంటే మెడ వెనక, చంకల్లో చర్మం ఇలా నల్లగా, మందంగా మారుతుంది. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క బీఎంఐ, అది వాడికి 24 దాటింది. మనలో పెద్దవాళ్లకే 23 దాటితే ఎక్కువంటాం, ఏడేళ్లవాడికి ఇది స్థూలకాయమే. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష) ఈ వారంలోనే చేయించండి. బీపీ పిల్లల పట్టీతో చూడాలి. గురక ఉంటే డాక్టర్‌కు చెప్పండి.

ఇంతకీ ఆ సిరప్ ఎవరు రాశారు? మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదే అయితే మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. ఇలాంటి వాటిలో తరచూ ఉండేది సైప్రోహెప్టడిన్. అది అలర్జీ మందు. ఆకలి పెరగడం, మగత రావడం దాని దుష్ఫలితాలు. పిల్లాడు తింటున్నాడని మీరు మురిసిపోతారు, కడుపు నిండిందని వాడికి తెలియడం మానేస్తుంది. సీసా డాక్టర్‌కు చూపించండి. కొన్నిచోట్ల స్టెరాయిడ్ చుక్కలను కూడా బలం మందుగా అంటగడతారు. నెలల తరబడి వాడినది స్టెరాయిడ్ అని తేలితే ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరే మోతాదు తగ్గిస్తూ ఆపించాలి.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను ఎలాగైనా బొద్దుగా చేయాలనుకోవడంలోనే చిక్కుంది. కడుపులో పోషణ చాలకపోతే పిండం కండను వదులుకుంటుంది గానీ కొవ్వును అంతగా వదులుకోదు. 1990ల్లో పుణె దగ్గరి పల్లెల్లో చూస్తే శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో 3.5. అంత తేడా ఉన్నా వీపు చర్మం కింది కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. అలాంటి బిడ్డకు తొలి రెండేళ్లలో ఎదుగుదల కావాల్సిందే. ఆ తర్వాత గబగబా ఎక్కే కిలోలు చాలావరకు పొట్టకే చేరతాయి. తప్పు మీ ఒక్కరిదే అనను. బిడ్డ బక్కగా ఉంటే మాట పడేది తల్లే. బిస్కెట్ ప్యాకెట్ ఐదు రూపాయలకు దొరుకుతుంది, స్కూలు అయ్యాక ట్యూషన్, ఆడుకుందామంటే వీధిలో జాగా ఉండదు.

బరువు తగ్గే పౌడర్ వద్దు. ముందు బరువు 36 దగ్గర నిలపండి, ఏడాదికి 5–6 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతాడు కాబట్టి బీఎంఐ దానంతటదే తగ్గుతుంది. పరీక్షల్లో తేడా ఉంటే నెలకు అరకిలో చొప్పున తగ్గించే ఆలోచన చేయొచ్చు, అదీ డాక్టర్ చూస్తుండగానే. పాలలో పౌడర్ మానేయండి, చాలా వాటిలో మూడో వంతు దాకా చక్కెరే. ఉత్త పాలు రోజుకు రెండు గ్లాసులు చాలు. మారు అన్నం బదులు కూర, పప్పు, గుడ్డు పెట్టండి. చెమట పట్టేలా గంటసేపు ఆడనివ్వండి.

చిన్నవాడికి తల్లిపాలు కొనసాగిస్తూ మెత్తటి పప్పన్నం, గుడ్డు పెట్టండి. రెండేళ్లదాకా చక్కెర వద్దు. ఫోన్ చూపిస్తూ తినిపించకండి, నోరు తిప్పుకుంటే ఆపేయండి. నెలనెలా అంగన్‌వాడీలో తూయించి చార్టులో గీత చూడండి, అది పైకి పోకుండా అడ్డంగా సాగినా, కిందికి జారినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లన్న సిరప్ మాత్రం వాడికి ఒక్క చుక్క కూడా పట్టొద్దు.