మెదడులో ‘తెల్లమచ్చలు’ అనవచ్చా?

సందేహం: మా అమ్మకు 68 ఏళ్లు. తలకు ఎమ్మారై తీయిస్తే రిపోర్టులో ‘స్మాల్ వెసల్ డిసీజ్, వైట్ మేటర్ హైపర్‌ఇంటెన్సిటీస్, ఫజెకాస్ గ్రేడ్ 2’ అని వచ్చింది. అమ్మకు తెలుగులో చెప్పాలని ‘చిన్న రక్తనాళవ్యాధి, తెల్ల పదార్థంలో తెల్లమచ్చలు, రెండో దశ’ అని రాసుకున్నాను. సరైనదేనా?
– పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మాటకు మాట సరిపోయింది గానీ మీ అమ్మగారికి చేరే అర్థం వేరు.

ముందు ‘చిన్న’ సంగతి. ‘చిన్న పిల్లల డాక్టరు’ అంటే డాక్టరు చిన్నవాడని ఎవరూ అనుకోరు, ‘పిల్లల’లో ఉన్న ఆ ‘ల’ చిన్నను తన దగ్గరే ఆపేస్తుంది కాబట్టి. అదే ‘రక్తనాళవ్యాధి’ అని సమాసం చేశారనుకోండి, అంతా ఒకే మాటై ముందున్న ‘చిన్న’ పోయి వ్యాధికి అతుక్కుంటుంది, వినేవాళ్లకు ‘ఏదో చిన్న జబ్బేలే’ అని వినపడుతుంది. ఇక్కడ గుంటూరులో మా వీధి పెద్దాయన ఒకరు సరిగ్గా ఇలాగే విని నాలుగు నెలలు బీపీ మాత్ర మానేశారు. ఈ జబ్బును ముదరబెట్టేవాటిలో ముందుండేదే బీపీ! నాకు చాలా బాధేసింది. అందుకని ‘మెదడులోని సన్నటి రక్తనాళాల జబ్బు’ అనండి. దారానికైనా తీగకైనా మనం వాడేది సన్న అనే మాటే కదా. ‘సూక్ష్మ’ వద్దు, సూక్ష్మజీవులు గుర్తొచ్చి ఇన్ఫెక్షన్ అనుకుంటారు.

తెలుపు దగ్గర చిక్కు ఇంకా పెద్దది, ఆ రిపోర్టులో రెండు తెలుపులున్నాయి. వైట్ మేటర్‌లోని తెలుపు అసలు రంగు: నరాల తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, దానివల్ల మెదడును కోసి చూస్తే ఆ భాగం తెల్లగా కనపడుతుంది. రెండో తెలుపు ఫొటోలోది. ఫ్లెయిర్ అనే రకం ఎమ్మారై ఫొటోలో ఆరోగ్యంగా ఉన్న తెల్లభాగం పక్కనున్న బూడిదరంగు భాగం కంటే నల్లగానే ఉంటుంది, దెబ్బతిన్న చోటే వెలుగుతుంది. అదే చోటు సీటీ స్కాన్‌లో చుట్టుపక్కల కంటే నల్లగా పడుతుంది. అంటే ఆ మచ్చకు సొంత తెలుపు లేదన్నమాట. పైగా మనవాళ్లు తెల్లమచ్చ అనగానే బొల్లి అనుకుంటారు, ఇక టెన్షన్ చెప్పక్కర్లేదు. ‘మెదడు లోపలి తెల్లభాగంలో అక్కడక్కడా కొంచెం దెబ్బతింది, ఆ చోట్లు ఫొటోలో వెలుగు చుక్కల్లా పడ్డాయి’ అంటే చాలు. వాక్యం పొడుగైనా పరవాలేదు.

1987లో కెనడా డాక్టరు హచిన్‌స్కీ, ఆయన సహచరులు దీనికి గ్రీకు మాటలతో ‘లూకోఅరయోసిస్’ అని పేరు పెట్టారు, తెల్లది పలచబడటం అని అర్థం. మంగళగిరి నేతవాళ్లు గుడ్డ పలచబడింది అంటారే, నాకు అదే గుర్తొస్తుంది. ‘తెల్లభాగం పలచబడింది’ అన్నా మంచి తెలుగే.

‘రెండో దశ’ మాత్రం దయచేసి కొట్టేయండి. మన ఇళ్లలో దశ అంటే క్యాన్సరే. ఫజెకాస్ అనే ఆస్ట్రియా డాక్టరు, ఆయన తోటివాళ్లు 1987లోనే పెట్టిన కొలత ఇది, 0 నుంచి 3 దాకా ఉంటుంది. మెదడు లోపలి భాగంలో 1 అంటే విడివిడి చుక్కలు, 2 అంటే చుక్కలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైంది, 3 అంటే కలిసిపోయి మడుగు కట్టాయి. ముగ్గు చుక్కలతో పోల్చి చెబితే మీ అమ్మగారికి మీకంటే బాగా అర్థమవుతుంది. దానికి ఏం చేయాలన్నది డాక్టరుగారు చెప్పాలి.

కొందరి రిపోర్టుల్లో ‘లాక్యూన్’ అని కూడా ఉంటుంది, 3 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ. దాన్ని రంధ్రం అనేస్తున్నారు, గుండెలో రంధ్రం అన్నట్టు భయపెడుతుంది. లాటిన్‌లో లాకూనా అంటే గుంట, మడుగు. గర్తపురి అని సంస్కృతంలో పేరున్న మా గుంటూరుకు ఆ గుంట అనే మాట పరాయిది కాదు. మీ రిపోర్టులో అది లేదు కాబట్టి అమ్మగారి ముందు ఆ ఊసు ఎత్తకండి.