ఎరిస్ బారనీకి బారన్ లేడు

అమ్మాయీ,

నీ నవల మూడు ప్రకరణాలూ చదివాను. రోడ్డు పనిలో రాళ్ళు కొట్టే ముసలామె రాత్రి సుత్తిని శాలువాలో చుట్టి పక్కలో పెట్టుకుని పడుకునే చోట కాసేపు ఆగిపోయాను. రెండో ప్రకరణం మొదటి వాక్యం దగ్గర మాత్రం కాగితాలు పక్కన పడేశాను. "ఎరిస్ జమీందారు బారన్ గారు కోట మెట్ల మీద నిలబడి రైతుల బకాయిలు లెక్క చూస్తున్నారు" అని రాశావు. 1847లో, అంటే ఐర్లాండు కరువు రోజుల్లో, అక్కడి మేయో కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఎరిస్ బారనీకి బారన్ అనే ప్రభువు లేడు.

ఐర్లాండులో అప్పటికి బారనీ అంటే కౌంటీలో ఒక భాగం, అంతే. కౌంటీ కింద బారనీ, దాని కింద పారిష్ అనే చర్చి పరిధి, అన్నిటికన్నా కింద టౌన్‌ల్యాండ్ అనే అతి చిన్న భూభాగం. మేయోలో తొమ్మిది బారనీలుండేవి. ఎరిస్, టిరాలీ, ముర్రిస్క్ వాటిలో మూడు. చాలా బారనీలు పాత గేలిక్ తెగల నేలలే. ఇంగ్లీషు ప్రభుత్వం వాటి హద్దులు స్థిరపరిచి పన్నుకీ పాలనకీ వాడుకుంది. 1656–58లో ఆ ప్రభుత్వం తరఫున విలియం పెట్టీ జప్తు భూములు కొలిపించినప్పుడు పటాలు గీయించింది బారనీల వారీగానే. భూస్వామి ఎస్టేటు వేరే సంగతి. ఒకే దొరకి మూడు బారనీల్లో భూములుండొచ్చు, ఒకే బారనీలో పదిమంది దొరలుండొచ్చు. కౌలు సొమ్ము దొర ఏజెంటుకి చేరుతుంది. బారనీ లెక్కన వసూలయ్యేది కౌంటీ సెస్ అనే స్థానిక పన్ను.

కాబట్టి జమీందారీ అన్న మాట ఇక్కడ అతకదు. మన చెవికి తాలూకా దగ్గరగా ఉంటుంది, కానీ అక్కడ తహసీల్దారు లేడు. బారనీ అన్న మాటే వాడు. పాఠకుడికి అర్థం కాదని జమీందారీ అని దిద్దే సంపాదకులు మనకి కొదవలేదు. నలభై ఏళ్ళుగా వాళ్ళు చేసిన ఈ దిద్దుబాటు వల్లే తెలుగు నవలల్లో యూరప్ అంతా బొబ్బిలిలా, పిఠాపురంలా కనిపిస్తోంది. వాళ్ళ మాట వినకు.

నీ తలలో ఉన్న బారన్ ఐర్లాండువాడు కాదు, నార్మన్ ఇంగ్లండువాడు. అతనూ జమీందారు కాడు. ఉత్తర సర్కారుల్లో 1802 శాశ్వత శిస్తు కింద జమీందారు ప్రభుత్వానికి కట్టింది పేష్కష్ అనే రొక్కపు శిస్తు. ఇంగ్లండు బారన్ రాజుకి బాకీపడింది ముందుగా మనుషులని, అంటే ఇన్ని నైట్ల (గుర్రపు యోధుల) సేవ అని. ఒక నైటు సేవకి కట్టిన భూమిని నైట్స్ ఫీ అనేవారు. దాని వారసుడు కట్టే రుసుము వంద షిల్లింగులు దాటకూడదని 1215 మాగ్నా కార్టా హద్దు పెట్టింది. ఆ బారనీ కూడా ఒకే చెక్కగా ఉండేది కాదు, మేనర్లు అనే దొర భూములు నాలుగైదు కౌంటీల్లో చెదిరి ఉండేవి. వాటన్నిటికీ పెద్ద దిక్కైన చోటుని కాపుట్, అంటే తల, అనేవారు. 1660 చట్టంతో ఆ సైనిక సేవా భూహక్కులు చట్టం నుంచే పోయాయి, బిరుదులు మిగిలాయి. 1919లో సత్యేంద్ర ప్రసన్న సిన్హా బెంగాల్‌లోని రాయపూర్ పేరిట బారన్ అయితే దాంతో రాజు ఇచ్చిన భూమి సెంటు కూడా లేదు.

నీ కథకి అసలు బలం వేరే చోట ఉంది, నువ్వు దాన్ని చూడకుండా దాటేశావు. 1846 ఆగస్టు చట్టం ప్రకారం కరువు పనులు నిర్ణయించింది బారనీ సమావేశాల్లోనే. మేజిస్ట్రేట్లూ, సెస్ కట్టేవాళ్ళూ కూర్చుని ఫలానా రోడ్డు, ఫలానా గుట్ట తవ్వకం అని రాస్తారు. ప్రభుత్వ పనుల శాఖ అయిన బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఒప్పుకోవాలి. డబ్బు ట్రెజరీ అప్పు, తీర్చాల్సిన భారం వడ్డీతో సహా బారనీ మొత్తం మీద. తన భూమిలో సొంత ఖర్చుతో మురుగుకాలవలు తవ్వించి కూలీలని పోషించిన దొరకి కూడా పొరుగువాడి వాటా తప్పలేదు. అందుకే ఆ సమావేశాల్లో అరుపులు. ఏ ఒక్క దొర భూమికీ లాభం రాకూడదన్న నియమం ఉంది గనక ఎక్కడికీ పోని రోడ్లు పడ్డాయి. పని కొలిచి కూలి ఇచ్చేవారు, ఒంట్లో సత్తువ లేనివాడికి ఆ కొలత చావే. పైగా చిల్లర నాణేలు లేక కూలి ఆలస్యమయ్యేది. 1847 మార్చి నాటికి ఈ పనుల్లో 7 లక్షల మందికి పైగా ఉన్నారు. నీ ముసలామె వాళ్ళలో ఒకతె. కోట మెట్లు తీసేసి ఆ సమావేశపు గది పెట్టు.

తరవాత అంబలి కేంద్రాలొచ్చాక బారనీ లెక్క పోయి పూర్ లా యూనియన్, అంటే పేదల సహాయం కోసం ఏర్పరచిన ప్రాంతం, లెక్క వస్తుంది. వాటి హద్దులు బారనీ హద్దులతో కలవవు. అందుకని ముందు ఒక టౌన్‌ల్యాండ్ ఎంచుకో. 1851 జనగణన టౌన్‌ల్యాండ్ సూచికలో దాని ఎదురుగా విస్తీర్ణం, కౌంటీ, బారనీ, పారిష్, యూనియన్ వరసగా ఉంటాయి. అవి ఒక కాగితం మీద రాసి బల్లకి అంటించు. ఆ తరవాత గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో, అంటే పన్ను కోసం భూముల విలువ కట్టిన ప్రభుత్వ జాబితాలో, అదే టౌన్‌ల్యాండ్ తియ్యి, ఎవరు ఎవరి దగ్గర ఎంత భూమి కౌలుకి పట్టారో దొరుకుతుంది. ఎకరాల దగ్గర జాగ్రత్త. పాత కౌలు పత్రాల్లోది చాలాసార్లు ఐరిష్ ఎకరం, 7,840 చదరపు గజాలు. మనకి తెలిసినది 4,840. నీ రైతుకి మూడెకరాలు ఇచ్చావు, ఏ ఎకరమో తేల్చుకో, తిండి లెక్క మారిపోతుంది.

ప్రచురణకర్త గురించీ, పేరు మార్చడం గురించీ అడిగావు. అవి తరవాత. రెండో ప్రకరణం తిరగరాసి పంపు, మొదటి పుటలోనే టౌన్‌ల్యాండ్ పేరు ఉండాలి.

ఆశీస్సులతో.