బల్మసేదా కథ బడ్జెట్ దగ్గర మొదలుపెట్టు

తమ్ముడికి,

చిలీ అధ్యక్షుడు బల్మసేదా మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. మొదటి పేజీలోనే పిస్తోలు పేల్చేశావు. చావు ముందే తెలిస్తే పాతికేళ్ల రాజకీయమంతా దానికి ముందుమాటలా మిగిలిపోతుంది. దాన్ని చివరికి తీసుకెళ్లు.

1891 జనవరి 5తో మొదలుపెట్టు. ఆ రోజు ఆయన ఇచ్చిన ఉత్తర్వు సారం ఒక్క ముక్క: 1890 బడ్జెట్టే 1891కీ వర్తిస్తుంది. ఇంత మాత్రానికే యుద్ధమా అని పాఠకుడికి అనిపిస్తుంది కాబట్టి ఇక్కడ నిదానంగా నడువు. 1833 రాజ్యాంగం ప్రకారం బడ్జెట్టుకీ సైన్యం సంఖ్యకీ ఏటేటా, పన్నులకి పద్దెనిమిది నెలలకోసారి కాంగ్రెస్ ఆమోదం ఉండాలి. (కాంగ్రెస్ అంటే మనవాళ్లు పార్టీ అనుకుంటారు, అక్కడి పార్లమెంటు అని ఒకసారి చెప్పు.) తమకు నచ్చని మంత్రివర్గాన్ని దించడానికి వాళ్ల చేతిలో ఉన్న తాళంచెవి అదే. 1891 బడ్జెట్‌ని వాళ్లు ఆమోదించలేదు. బడ్జెట్ ఆగిపోతే జనవరి 1 నుంచి సిపాయికి జీతమిచ్చినా చట్టవిరుద్ధమే. ఉత్తర్వు వచ్చిన రెండు రోజులకే, 7న, నౌకాదళం కాంగ్రెస్ పక్షాన తిరగబడింది.

అప్పుడు వెనక్కి వెళ్లు. కాంగ్రెస్‌లో యువ సభ్యుడిగా అధ్యక్షుడి అధికారాలు తగ్గించాలని వాదించింది ఈయనే. 1882లో హోంమంత్రి అయ్యాక ఎన్నికల్లో వేలు పెట్టాడన్న నింద మోశాడు. 1886లో అధ్యక్షుడయ్యాడు. ఈ మలుపే నీ కథకు వెన్నెముక. పౌర వివాహ చట్టం లాంటివి రెండు వాక్యాల్లో దాటెయ్.

"ఇంగ్లీషు వ్యాపారులే ఆయన్ని కూల్చారు" అన్న వాక్యం కొట్టెయ్. నైట్రేట్ (ఎరువుకీ పేలుడు మందుకీ వాడే గని ఉప్పు) రాజుగా పేరుపడ్డ ఇంగ్లీషు వ్యాపారి జాన్ థామస్ నార్త్‌తో ఆయనకు పేచీ ఉన్న మాట నిజమే. కానీ మంత్రుల్ని ఎవరు నిలబెట్టాలన్న తగాదా చిలీవాళ్ల సొంతం. నైట్రేట్‌ని దాని అసలు చోట పెట్టు. పెరూ, బొలీవియాలతో 1879-83 యుద్ధంలో గెలిచిన ఉత్తరాది గనుల మీద ఎగుమతి సుంకమే ఖజానాను నింపేది. రైళ్లు, బడులు, 1890లో తెరిచిన మయ్యేకో వంతెన ఆ రాబడి రోజుల్లో లేచినవే.

యుద్ధం రాసేముందు పటం గీసుకో. సైన్యంలో ఎక్కువభాగం అధ్యక్షుడిది, ఓడల్లో ఎక్కువభాగం కాంగ్రెస్‌ది, నడుమ అటకామా ఎడారి. తిరుగుబాటుదారులు ఉత్తరాన ఇకీకే రేవు పట్టుకోగానే సుంకం వాళ్ల పెట్టెలో పడింది. తర్వాత ఓడల్లో దక్షిణానికి దిగి ఆగస్టు 21న కొంకోన్‌లో, 28న ప్లాసియ్యాలో గెలిచారు.

ఆఖరి అధ్యాయంలో ఆయన మనసులో ఏముందో ఊహించి రాయకు. ఆగస్టు చివర అర్జెంటీనా దౌత్య కార్యాలయంలో తలదాచుకున్నాడు. సెప్టెంబరు 18తో పదవీకాలం ముగిసింది. 19 ఉదయం కాల్చుకున్నాడు. ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టు. మధ్యలో విశేషణం వద్దు.