నల్ల కుక్కను నల్ల గుడ్డతో కుట్టకు

ప్రశ్న: అక్కా, మా కర్రిగాడు పోయిన ఎండాకాలంలో చనిపోయాడు. వీధికుక్క పిల్లగా వచ్చి మా ఇంట్లోనే ముసలివాడయ్యాడు. అమ్మ పాత చీరలతో వాడి బొమ్మ వచ్చేలా బొంత కుట్టాలనుకుని, నల్ల గుడ్డ కత్తిరించి పెట్టి చూస్తే కుక్కలా లేదు, మసి మరకలా ఉంది. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెల్లీ, లోపం నీ చేతిలో లేదు, నల్ల గుడ్డలో ఉంది. వాడు ఎండలో ఉన్నప్పటి ఫొటో ఒకటి తీసి బాగా చూడు, వీపు మీద వెలుగు పడ్డచోట బూడిద రంగు, ఒక్కోసారి నీలం, చెవి అంచున ఎర్రటి గోధుమరంగు కనిపిస్తాయి. అసలు నలుపు కంటిపాపలో, ముక్కు రంధ్రాల్లో, మెడ కింద నీడలో తప్ప పెద్దగా ఉండదు. అందుకే నేవీ బ్లూ, కాఫీ రంగు, రెండు మూడు రకాల బూడిద రంగులు తీసుకో. చీరల్లో దొరకనివి మ్యాచింగ్ సెంటర్‌లో దొరుకుతాయి. అన్నీ పక్కపక్కన పరిచి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయి, అందులో రెండు ఒకేలా కనబడితే ఒకటి తీసెయ్. పట్టుచీరల జోలికి పోకు, అమ్మ ఊరుకోదు, పైగా పట్టూ కాటనూ కలిపి కుడితే ఉతికినప్పుడు ముడతలు పడుతుంది. రంగు దిగే చీరలైతే ముందే విడిగా ఉతుకు.

ఫొటోను కావలసిన సైజులో ప్రింట్ తీయించి వెలుగునీడల హద్దులు మాత్రమే గీయి, వెంట్రుకలు వద్దు. రెండు వైపులా అంటుకునే ఫ్యూజింగ్, అంటే ఇస్త్రీ వేడికి గుడ్డను గుడ్డకు అంటించే పలుచని పొర, వాడితే దాని వెనకుండే కాగితం మీద బొమ్మను తిరగేసి గీయాలి, లేదంటే ఎడమ చెవికున్న గాటు కుడి చెవికి పోతుంది! ముక్కల్ని ఇస్త్రీతో అంటించాక, కింద దూది పొర, దాని కింద అస్తరు పెట్టి, మధ్యలోంచి బయటికి కుట్టుకుంటూ రా. బొచ్చు ఎటు వాలి ఉంటే కుట్టు అటే సాగాలి, ముక్కు నుంచి నుదుటి మీదుగా మెడకు, ఛాతీ దగ్గర కిందికి.

కళ్ల దగ్గర మాత్రం తొందరపడకు. గోధుమరంగు గుండ్రం, మధ్యలో నలుపు, దానిపైన తెల్లదారంతో ఆవగింజంత చుక్క, రెండు కళ్లలోనూ ఒకే పక్కన. ఆ చుక్క లేకపోతే ఎంత బాగా కుట్టినా చూపు రాదు.

కింద పరచడానికి మన వరంగల్ కొత్తవాడ జంపఖానాలున్నాయి, దీన్ని గోడకే పెట్టు. వెనక పైఅంచున గొట్టంలా పట్టీ కుట్టి కర్టెన్ రాడ్ దూర్చు. ఎండ తగిలే గోడ వద్దు, రంగులు వెలిసిపోతాయి.