ఏసీ గ్యాస్ ఏటా అయిపోతుందా?

ప్రశ్న: మాది నాలుగేళ్ల హ్యాచ్‌బ్యాక్. కిందటి వేసవిలో చల్లదనం తగ్గితే రోడ్డు పక్క షాపులో పావుగంటలో గ్యాస్ నింపి పంపారు. మూడు నెలలకే మళ్లీ వేడిగాలి. ‘ఏడాదికోసారి అయిపోతుంది, మామూలే సార్’ అంటున్నారు. నిజమేనా? - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఖర్చయిపోవడానికి అది పెట్రోలు కాదండీ. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. మూడు నెలల్లో పోయిందంటే లీకు ఉన్నట్టే. దాన్ని వెతక్కుండా నింపేశారు.

పావుగంటలో అయిందన్నారంటే వాక్యూమ్ (పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగేయడం) పెట్టి ఉండరు. లైను ఖాళీ చేశాక పంపు కనీసం అరగంట నడవాలి. ఆపాక పది నిమిషాలైనా గేజి ముల్లు కదలకూడదు. ఈ పని ఎగ్గొడితే గాలి, తేమ లోపలే ఉండిపోతాయి. తేమ, గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది. కాసేపు చల్లగా, కాసేపు వేడిగా రావడానికి ఇదో కారణం. ఆ తేమే గ్యాస్‌తోపాటు తిరిగే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను లోపల్నుంచి తినేస్తుంది. గ్యాస్ డబ్బులు మిగిలాయనుకుంటే కంప్రెసర్‌కు వేలల్లో వదులుతుంది.

బానెట్ కింద స్టిక్కర్ చూడండి. గ్యాస్ రకం (ఆర్134ఎ లేదా కొత్త కార్లలో ఆర్1234వైఎఫ్), ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చిన్న కార్లలో సుమారు 400 గ్రాములు. సిలిండర్‌ను కాటా మీద పెట్టి అంతే నింపాలి. ఒక్క గేజి చూసి ‘చాలు’ అనడం ఉత్త అంచనా. వంద గ్రాములు ఎక్కువైనా ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది. అది చూసి ఇంకాస్త గ్యాస్ ఎక్కించేవాళ్లూ ఉన్నారు!

లీకు జాడ కొంత మీరే పట్టొచ్చు. గ్యాస్‌తోపాటు ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి, కండెన్సర్ (రేడియేటర్ ముందుండే జాలీ) మీదో గొట్టాల జాయింట్ల దగ్గరో దుమ్ము జిడ్డుగా అంటుకున్న మచ్చ ఉందేమో చూడండి. ఇంజిన్ ఆపి, గ్యాస్ ఎక్కించే వాల్వు మూత తీసి సబ్బు నీళ్లు చుక్క వేయండి. బుడగ లేస్తే వాల్వు పిన్ను మారిస్తే సరిపోవచ్చు. బయటేమీ కనబడకపోతే నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించండి. డ్యాష్‌బోర్డులోని కూలింగ్ కాయిల్ లీకైతే రిపేరు పెద్దదే. లీకు మూసే మందు డబ్బాలు మాత్రం వద్దు, వాల్వులు పూడుకుపోతాయి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు ఏసీ కూడా మామూలు షాపులో చేయించొచ్చా? - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దు. అందులో కంప్రెసర్ హై వోల్టేజి మీద నడుస్తుంది. సాధారణంగా కరెంటును అడ్డుకునే పీఓఈ ఆయిల్ వాడతారు. పెట్రోలు కార్లకు వాడే పీఏజీ ఆయిల్ పడితే ఇన్సులేషన్ దెబ్బతిని, బండే స్టార్ట్ కాకపోవచ్చు.