బీస్‌బాష్‌కి వెళ్ళే ముందు

చిన్నా,

శనివారం నెదర్లాండ్స్‌లో డోర్డ్రెఖ్ట్ వచ్చి, పక్కనున్న చిత్తడి అడవి బీస్‌బాష్‌లో కయాక్ నడుపుతావట, మీ అమ్మ చెప్పింది. కృష్ణలో మునకెయ్యమంటే గట్టు దిగనివాడివి! సంతోషమే గానీ, రాత్రి నాకు కునుకు పడితే ఒట్టు.

లైఫ్ జాకెట్ విప్పకు. దురదగొండి లాంటి మొక్కలుంటాయి, నిండు ప్యాంటు వేసుకో. బీవర్లని నీటి ఒడ్డున గూళ్ళు కట్టుకునే పెద్ద ఎలకల్లాంటి జంతువులుంటాయి, వాటి గూళ్ళ జోలికెళ్ళకు. అక్కడ అవి అంతరించిపోతే 1988లో జర్మనీలోని ఎల్బా నది నుంచి తెచ్చి వదిలారు.

ఆ రెల్లు, విల్లో చెట్లు చూసి అనాదిగా అడవే అనుకునేవు. ఒకప్పుడు అదంతా ఊళ్ళూ పొలాలూ, గ్రోటె వార్డ్ అనేవారు. 1421 నవంబరు 18 రాత్రి తుఫానుకి సముద్రం వైపు గట్టు తెగింది, తూర్పున మేర్వేడె నది గట్టూ నిలవలేదు. మన దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. ఆ తేదీ వస్తే నాకిప్పటికీ ముద్ద దిగదు. అయితే మనది గాలి తెచ్చిన చావు. వీళ్ళది సగం చేజేతులా తెచ్చుకున్నది. హాలండ్ మీద పెత్తనం కోసం హుక్, కాబెల్యావ్ అనే రెండు ముఠాలు కొట్టుకు చస్తూ గట్ల మరమ్మతు గాలికొదిలేశాయి. పైగా ఉప్పు తియ్యడానికీ, పొయ్యిలోకీ పీట్ అనే మండే మట్టిని గట్టు పక్కనే తవ్వుకున్నారు. కాపాడే గట్టు మొదలే తవ్వుకుంటారట్రా ఎవరైనా? ఒక్క రాత్రిలో అంతా పోయిందంటారు గానీ, నిజానికి ఆ తర్వాత కూడా గండ్లు పూడ్చలేక కొన్నేళ్ళలో ఊళ్ళు వదిలేశారు. వందల ఏళ్ళు ఒండ్రు పేరుకుని, నువ్వు చూడబోయే ఈ కాలవలూ లంకలూ ఏర్పడ్డాయి.

అందుకే చెప్తున్నా, మడుగులా ఉందని నమ్మకు. 1970లో హరింగ్‌ఫ్లీట్ అనే సముద్రపు పాయని ఆనకట్టతో మూసేదాకా ఇక్కడ పోటుకీ పాటుకీ రెండు మీటర్ల తేడా ఉండేది. దక్షిణాన బాగా తగ్గింది, నువ్వెళ్ళే ఉత్తరం వైపు ఇంకా తెలుస్తుంది. పాటు వేళ చూసుకోకుండా సన్న కాలవలో దూరావో, పడవ బురదలో కూలబడుతుంది. దిగి నెట్టబోకు, కాలు దిగబడితే ఊడిరాదు. మళ్ళీ పోటొచ్చేదాకా కూర్చో. నీవె మేర్వేడె అనే పెద్ద నది మాత్రం దాటొద్దు, సరుకు ఓడల అలలకి నీ డొల్ల పడవ ఆగదు.

తిట్టాననుకోకు నాన్నా. ఒడ్డెక్కగానే ఫోన్ చెయ్యి. నీతో వచ్చేవాళ్ళనీ భోజనానికి తీసుకురా, పప్పుచారు పెద్ద గిన్నెతోనే పెడతాను.

పెద్దమ్మ